సుట్టాల బిందె

పరిశోధన పేపరు రాసుడంటె లెక్కలు కష్టమని అందరు అనుకుంటరు. లెక్కలు ఏం కష్టం కాదు, అవి కంప్యూటర్ చేస్తది. అసలు తిప్పలంత ‘పద్ధతులు’ అనే భాగంతోటి. ఏ నీళ్లు తెచ్చినవు, యాడికెల్లి తెచ్చినవు, ఏ సీసల పోసినవు, ఎన్ని దినాలల్ల పరీక్ష చేసినవు, అన్నీ రాయాలె. వండి వడ్డించి చేతులు కడుక్కున్నంక, మల్ల పొయ్యి అంటిచ్చిన కాడికెల్లి చెప్పుమన్నట్టుంటది. చదివేటోళ్లు ఆ భాగాన్ని సక్కగ దాటేస్తరు. నేను గూడ వేరేటోళ్ల పేపర్లల్ల ఎన్నేండ్ల సంది దాటేసుకుంటనే అచ్చిన. అందుకే నా పేపర్ల గూడ దాన్ని ఆఖరుకు పెట్టుకున్న.

నేను నాందేడ్‌ల ఒక కాలేజిల కెమిస్ట్రీ చెప్పే మేడమ్‌ను. పుట్టింది మర్ఖేల్ దిక్కు ఒక పల్లెల. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల హిందీ, పేపర్ల ఇంగ్లీషు. నాలుగిట్ల ఒక్కటి గూడ నీ చేతిల పూరా లేదని మా గైడ్ సార్ నవ్వుతడు. నాకు ముక్కు మీదనే కోపం, గని నా ఇంగ్లీషు దిద్దేది ఆయనే గనుక నోరు మూసుకుంట. నలభై దాటినంక పీహెచ్‌డీల చేరిన. పిల్లలు పెద్దగైండ్రు, ఇగ నేను చదువుకుంట అంటె మా ఆయన “ఇప్పుడెందుకే” అన్నడు. “నీకెందుకు” అన్న. అట్ల షురువైంది.

నేను పట్టుకున్న పని నీళ్లది. ఇస్లాపూర్ అవతల, తెలంగాణ హద్దుకు ఆనుకొని ఉన్న నాలుగు ఊర్లు ఏరుకొని, ఆ ఊరోళ్లు తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నదో చూసుడు. ఫ్లోరైడ్ అంటె భూమి లోపలి రాళ్లల్లకెల్లి నీళ్లల్ల దిగేది. కంటికి కనవడది, నాలికకు తెల్వది. నీళ్లల్ల ఉండాల్సిన హద్దు దాటితె మాత్రం పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు పడుతయి, పెద్దోళ్ల మోకాళ్లు, నడుములు కట్టెలోలె బిగుసుకపోతయి.

మూడు ఊర్ల నీళ్లు చెడ్డగనే ఉన్నయి, అది మేం అనుకున్నదే. నాలుగో ఊరి నీళ్లు మాత్రం సల్లగ, నిమ్మళంగ, హద్దుకు ఎంతో కిందికి ఉన్నయి. ఎనిమిదిండ్లల్ల ఎనిమిది సీసాలు నింపుకొస్తె ఎనిమిదింటి లెక్క దాదాపు ఒక్కటే. మా సార్ ఆ కాయిదం చూసి కుర్చీలకెల్లి లేసిండు. “ఇగో, ఇదే మన పేపర్ల కొత్త సంగతి! చెడ్డ నీళ్ల నడుమ ఒక మంచినీళ్ల ఊరు! ఎనిమిది లెక్కలు ఎంత సాఫ్‌గ కలిసినయో చూడు, నీ చెయ్యి మంచిది” అన్నడు. నేను ఉబ్బిపోయిన. ఆ ఊరి కింద రాయి వేరే రకముంటదని, నీళ్లు వేరే తొవ్వల పారుతయని సార్ కూసోని రెండు పేజీలు రాసిండు. సార్ రాసిన రెండు పేజీలు నా పేపరుకు నెత్తి మీద కిరీటమన్నట్టు చూసుకున్న.

ఇంకొక సంగతి గూడ చెప్పాలె. జిల్లాల నీళ్ల దఫ్తర్ ఒకటున్నది. అండ్ల ఒక సాహెబు మా పని గురించి విని, “పేపరు పంపినంక మాకొక నకలు ఇయ్యుండ్రి. నీళ్లు శుద్ధి చేసే మిషన్లు కొన్నే ఉన్నయి. ఏ ఊరికి ముందు ఇయ్యాల్నో మీ లెక్కతోటి తెలుస్తది” అన్నడు. అంటె మూడు ఊర్లకు మిషన్ల ఆశ పుట్టింది. నాలుగో ఊరికి అవుసరం లేదని నా పేపరే చెప్తది. మంచిదే గద, ఆల్లకు మంచినీళ్లున్నయి అనుకున్న.

ఇగ పేపరు పంపుడే ఉన్నది. యూనివర్సిటీ నాకిచ్చిన గడువు ఒకసారి పొడిగించిండ్రు, మల్ల పొడిగించరు. ఆ నెలాఖరు లోపల పేపరు ఒక పత్రికకు పోవాలె, పోయినట్టు రసీదు రావాలె, లేకుంటె ఇన్నేండ్ల పని మూటగట్టి అటక మీద పెట్టుకునుడే. మేం ఏరుకున్న పత్రిక సామాన్యమైంది కాదు. అక్షరాలు ఇంత ఉండాలె, బొమ్మలు అంత ఉండాలె, మీ పేపర్ల కొత్తేందో మూడు ముక్కలల్ల చెప్పుండ్రి, ఎవ్వల సొమ్ము తిన్లేదని ఒప్పుకోండ్రి. పెండ్లి సంబంధానికి గూడ ఇన్ని అడుగరు. అన్నీ ఒక్కొక్కటి నింపుకుంట పోతాంటె ఒక పట్టిక అచ్చింది. ప్రతి సీసకు ఎదురుంగ ఆ నీళ్లు ఏ బోరుయి, ఏ బాయియి, అది ఊర్ల యాడున్నది, రాయాలె.

మూడు ఊర్ల నీళ్లు తెచ్చింది మా ల్యాబు మామ. ల్యాబుల పనిచేసే అటెండరును ఇక్కడ పిల్లలకెల్లి ప్రిన్సిపాల్ దాక అందరు మామ అనే పిలుస్తరు. మరాఠీ మనిషి, లాతూర్ దిక్కోడు, తెలుగు ముక్క రాదు. మామ వహీల, అంటె నోటుబుక్కుల, ప్రతి సీసకు బోరు గుర్తు రాసి ఉన్నది: బడి ముందటి బోరు, హనుమాన్ గుడి వెనుక బోరు, ఫలానా మలుపుకాడి బోరు. నాలుగో ఊరికి పోయింది నేను. తెలుగు మాట్లాడే ఊరు గద, నేనైతె మంచిగ కలుస్తనని సార్ నన్ను పంపిండు. నా వహీ తీసి చూస్తె ఎనిమిది సీసాలకు ఎదురుంగ ఒక్కటే మాట ఉన్నది: ‘ఇంట్ల’. ఏ బోరో లేదు. నా మీద నాకే చిరాకు అచ్చింది. సరే, ఒక ఫోను కొడితె తెలుస్తది అనుకున్న.

ఆ ఊర్ల నేను మొదలు దిగిన ఇల్లు ఒక రైతులది. ఆ ఇంటి పెద్దమ్మనే నన్ను మిగిలిన ఏడిండ్లకు తిప్పింది. ఆమె నంబరు నాకాడ ఉన్నది. పగటి అన్నం తిని, ల్యాబు కిటికీకాడ నిలవడి ఫోను చేసిన.

“పెద్దమ్మా, నేను నాందేడ్‌కెల్లి, మేడమ్‌ను.”

“ఏ మేడమ్? ఆఁ, నీళ్ల పిల్లవా! బాగున్నవా బిడ్డా? తిన్నవా?”

“తిన్న పెద్దమ్మా. ఒక మాట అడుగాలె. ఆ దినం నా సీసల పోసిన నీళ్లు ఏ బోరుయి? బడికాడియా, మీ వాడల బోరుయా?”

“బోరు నీళ్లా? నీకా?” అని ఆమె నవ్వింది. “ఎంత మాటన్నవు బిడ్డా! నా ఇంటికి అచ్చిన ఆడపిల్లకు బోరు నీళ్లు పోస్తనా? పొద్దుగాల్నే వాగుకు పోయి చెలిమెల తెచ్చిన.”

చెలిమె అంటె ఎండిన వాగుల ఇసుక తోడి గుంత చేస్తె, అడుగుకెల్లి ఊరే నీళ్లు. చిప్పతోటి ముంచుకుంట, బట్టల వడపోసుకుంట, ఒక బిందె నిండెటాల్లకు నడుము పడిపోతది. తియ్యగుంటయి. లోపలి రాళ్ల సంగతి ఆ నీళ్లకు తెల్వది.

“మరి తక్కిన ఏడిండ్లోళ్లు ఏ నీళ్లు పోసిండ్రు?”

“ఆల్లకు యాడియి? ఆల్లు గూడ నా బిందెలకెల్లే తలా ఒక చెంబు పట్టుకపోయిండ్రు. మన మాట మాట్లాడే పిల్ల అస్తున్నది, ఆమెకు బోరు నీళ్లు పోసి ఊరి ఇజ్జత్ తియ్యకుండ్రి అని నేనే చెప్పి అచ్చిన.”

ఎనిమిది సీసాలు, ఎనిమిది లెక్కలు, అన్నీ ఎందుకు కలిసినయో అప్పుడు సమజైంది. ఒక్క బిందెలకెల్లి తీసిన నీళ్లను ఎనిమిదిసార్లు పరీక్ష చేసి, ఆహా నా చెయ్యి ఎంత మంచిదో అని మురిసిన.

“మరి మీరు దినాం తాగేది?”

“మేం తాగేది బోరే బిడ్డా. దినాం వాగుదాక నడువ నా మోకాళ్లు యాడియి? సుట్టాలకు, దేవునికి అని ఒక బిందె దాసిపెడుత, అంతే.” మల్ల ఆమెనే అన్నది: “నీ కాయిదం పోతె మా ఊరికి మిషన్ అస్తదని సర్పంచు చెప్తుండు. అస్తదా బిడ్డా?”

ఏం చెప్పాలె నేను? “చూస్త పెద్దమ్మా” అని పెట్టేసిన. మీ నీళ్లు భేషుగ్గ ఉన్నయని రాసి, రంగుల బొమ్మ గూడ గీసి, పంపేటందుకు తయారుగ కూసున్న అని ఎట్ల చెప్త?

నీళ్లు నింపేటప్పుడు మన చేత్తోటే నింపాలె, బోరు కొంచెంసేపు ఒదలాలె, సీసను అవే నీళ్లతోటి మూడుసార్లు తొలువాలె. ఇది నేను ప్రతి ఏడు పిల్లలకు చెప్పే పాఠం. పిల్లగాండ్లు ఎవ్వలన్న తప్పితె మొకం మాడ్చి మార్కులు కోస్త. అట్లాంటి నేను ఆ దినం మంచం మీద కూసోని, ఆల్లు చెంబులతోటి పోస్తాంటె సీసాలు పట్టిన. ఎందుకు? నాకు ఆ ఎందుకు తెలుసు, గని పేపర్ల రాసేది కాదు గనుక ఇక్కడ చెప్తున్న.

మా అమ్మ కూలికి పోయేది. మాకు భూమి లేదు, మా తాతలకు గూడ లేదు. నాకు ఆరేడేండ్లున్నప్పుడు అమ్మెంబడి పత్తి ఏరవోయి, దూపైతాందని ఒక రైతు ఇంటికి పోయిన. గడప బయటనే ఆపిండ్రు. దోసిలి పట్టుమన్నరు. పైకెల్లి, ఇంత ఎత్తుకెల్లి పోసిండ్రు, చెంబు నా చేతికి తాకకుండ. సగం నా మోచేతులకెల్లి కిందికి కారిపోయినయి. ఎవ్వలు తిట్టలే, కొట్టలే. అమ్మ “తాగినవా” అని అడిగింది, తాగిన అన్న. గంతే.

ఈ పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు ఆమె మొదట్లనే ఎవ్వలింటి పిల్లవు అని అడిగింది. నేను దాసలేదు. మాది ఫలానా, మా అమ్మ కూలికి పోయేది అని కొంచెం పొగరుగనే చెప్పిన, చూద్దాం ఏంజేస్తదో అని. ఆమె “ఆడిబిడ్డవు, ఎండల అచ్చినవు” అనుకుంట లోపలికి పిలిచి మంచం మీద సెద్దరేసింది. తోమిన ఇత్తడి చెంబు, గిలాసు నా చేతికే ఇచ్చింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ నీళ్లు యాడియి అని అడుగబుద్ధి గాలె. ఆ చెంబుతోటే నా సీసలు నింపుతాంటె ఒద్దు, నేను బోరుకాడ పట్టుకుంట అనబుద్ధి గాలె. ఆ ఇంట్ల దొరికిన మర్యాదను రెండు చేతులతోటి పట్టుకున్న, పని సంగతి ఇడిసిపెట్టిన. నలభై ఏండ్ల దూప అది. ఇప్పటికి దానికి సిగ్గుపడాల్నో, పడొద్దో నాకు తెల్వది.

మామను పిలిచి అడిగిన, ఆ మూడు ఊర్లల్ల నీళ్లు నువ్వే పట్టినవా అని. “ఇంకెవ్వలు పడుతరు మేడమ్?” అన్నడు. “నన్ను చూసి ఎవ్వలు కూసోమనలే. బోరు అగో అక్కడున్నది అని చెయ్యి చూపిచ్చిండ్రు. ఒక్క ఇంట్ల చాయ్ గూడ పొయ్యలే.” ఆ బాధ ఆయనకు ఇంకా ఉన్నది. నాకు నవ్వొచ్చింది, ఏడుపు గూడ అచ్చింది. చాయ్ పొయ్యని ఊర్ల లెక్కలు పక్కాగ ఉన్నయి. నా మాట, నా మనుషులు అని పోయిన ఊరి లెక్క మాత్రం తప్పింది.

మరునాడు సార్ కాడికి పోయిన. సార్ మనసు చెడ్డది కాదు. ఇంకొక ఏడాదిల రిటైర్ అయితడు, ఇంత పెద్ద పత్రికల ఆయన పేరు ఇప్పటిదాక రాలె. అంతా చెప్పిన. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

“ఎనిమిది గళ్లల్ల ‘ఇంటి తాగునీళ్లు’ అని రాయి” అన్నడు ఆఖరుకు. “అబద్ధమైతె కాదు గద. ఇంట్ల ఉన్నయి, తాగేటియే.”

“సుట్టాలు తాగేటియి సార్. ఊరోళ్లు తాగేటియి కావు.”

“నెలాఖరుకు ఎన్ని దినాలున్నయో తెలుసా నీకు?”

తెలుసు. నేను మంచి మనిషినని చెప్పుకునేటందుకు ఇది రాస్తలేను. ఆ దినం ల్యాబుకు పోయి ఆ ఎనిమిది గళ్లల్ల ‘ఇంటి తాగునీళ్లు’ అని నిజంగనే రాసిన. పట్టిక నిండుగ, సక్కగ కనవడ్డది. పగటికెల్లి పొద్దుగూకేదాక దాన్ని చూసుకుంట కూసున్న. ఎవ్వలు పట్టుకోరు. పత్రికోళ్లు యాడనో ఉన్నరు, వాగు యాడనో ఉన్నది. నా పేరు ముంగట డాక్టర్ అని పడుతది, సార్‌కు పండుగయితది. ఇంత చిన్న మాట కోసం అంతా పాడు చేసుకుంటవా అని లోపల ఒకటే రొద. గని దాని నడుమ పెద్దమ్మ అడిగిన మాట గుచ్చుతనే ఉన్నది. మిషన్ అస్తదా బిడ్డా అని అడిగింది ఆమె. నేను పంపే కాయిదం దఫ్తర్‌కు పోయిన దినం ఆ ఊరి పేరు కొట్టేస్తరు. మల్ల ఆ ఊరికి ఎవ్వలు సీసాలు పట్టుకొని పోరు, ఎందుకంటె అక్కడి నీళ్లు మంచియని ఒక డాక్టర్ మేడమ్ ముద్రేసింది. ఇచ్చిన చెంబెడు నీళ్లకు ఆమెకు నేను చేసే ఉపకారం ఇదన్నమాట!

గళ్లల్ల రాసింది తుడిపేసి సార్‌కు ఫోను చేసిన. “నేను రేపు మల్ల పోతున్న” అన్న.

“పోతె రాళ్ల మీద రాసిన రెండు పేజీలు పోతయి” అన్నడు సార్.

“పోనియ్యుండ్రి సార్, రాళ్లకు ఏం ఫరక్ పడది” అని గట్టిగనే అన్న. తర్వాత తప్పైంది సార్ అని గూడ అన్న. ఆయన ఫోను పెట్టేసిండు.

పొద్దుగాల సర్కారు ఎస్టీ బస్సుల ఇస్లాపూర్ దాక, ఆడికెల్లి జీపుల పోయిన. పెద్దమ్మకు ముందుగాల చెప్పలే, చెప్తె మల్ల వాగుకు పోతదని. అయినా నన్ను చూడంగనే దాసిపెట్టిన బిందె మూత తీసింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని, బోరు నీళ్లు కావాలె పెద్దమ్మా, ఎనిమిదిండ్లోళ్లు తాగే బోర్లు చూపియ్యి అన్న. ఎందుకో మొత్తం చెప్పిన. ఆమె మొకం చిన్నబోయింది.

“పానం మీదికి తెచ్చుకొని కాళ్లీడ్సుకుంట వాగుకు పోయి తెస్తె, తప్పు జేసిన అంటున్నవా?”

“నువ్వు తప్పు చెయ్యలే పెద్దమ్మా. నేను చేసిన. నాకిచ్చిన నీళ్లు నేను తాగాలె, సీసల పొయ్యొద్దు. సీసకేం సుట్టరికం ఉన్నది?”

నవ్వలే ఆమె. కొంగు దులుపుకొని లేసి ముందు నడిసింది. మోకాలు మీద చెయ్యి పెట్టి, నొక్కి, అడుగు తీసి, మల్ల నొక్కి. ఆ నడక మొదటి దినం గూడ చూసిన నేను. చూసి, వయసు మీద పడ్డది పాపం అనుకున్న. మంచినీళ్ల ఊర్ల నడిసే నడక కాదది. చూసెటోనికి కండ్లుండాలె గద.

బోరుకాడ నేనే కొట్టిన. కొంచెంసేపు ఒదిలిపెట్టి, సీసను మూడుసార్లు తొలిసి, నింపి, మూత బిగిచ్చి, చీటీ అంటిచ్చిన. బోర్ల మీద గుర్తులు రాసుకున్న. వాడ ఆడోళ్లు చుట్టు చేరి, ఈ నీళ్లు తీస్కపోయి అందరికి చూపిస్తదట అని సిగ్గుపడ్డరు. ఒకామె సీసను కొంగుతోటి తుడిసి ఇచ్చింది. ఆఖరు బోరుకాడ ఉన్నప్పుడు పెద్దమ్మ మనుమరాలు బడికెల్లి అచ్చింది. తొమ్మిదేండ్ల పిల్ల ఉంటది. నేను పేరడిగితె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది. చెయ్యి తీసినప్పుడు చూసిన, ముందటి పండ్లన్నిటి మీద గోధుమరంగు చారలు.

“పండ్లు తోముకోదు మొండిది” అన్నది పెద్దమ్మ. “బడిల గూడ సార్ తిడుతడు. ఎంత చెప్పినా ఇనది.”

అప్పుడే చెప్పాలె నేను. పరీక్ష కాకముందు నోరు తెరువొద్దని మా సదువుల ఒక పద్ధతున్నది. ఆ పద్ధతి మంచిదే, గని ఆ దినం నేను దాని చాటుకు దాక్కున్న. ఇంకొకసారి తప్పు మాట చెప్తనేమో అని భయం. సీసాలు సంచిల పెట్టుకొని జీపు ఎక్కిన.

ల్యాబుల మామ, నేను కలిసి పరీక్ష చేసినం. నీళ్లల్ల ఒక ఎర్ర మందు కలుపుతం. ఫ్లోరైడ్ ఎంతుంటె ఆ ఎరుపు అంత ఎలిసిపోతది. చెలిమె నీళ్లల్ల ఎరుపు అట్లనే నిలిసింది, అది నాకు యాదికున్నది. ఈ ఎనిమిదింటిల నా కండ్ల ముందటనే ఎలిసింది. ఎనిమిది లెక్కలు ఎనిమిది తీర్లు, అన్నీ హద్దుకు పైననే, రెండైతె చానా పైన. రంగు కొలిచే మిషన్ల లెక్క చూడుమని మామకు చెప్పి, నేను మల్ల మల్ల చేసిన. అంతే అచ్చింది. మామ చాయ్ తెచ్చి పెట్టిండు.

సార్ రెండు దినాలు అలిగిండు. మూడో దినం ఆయనే ల్యాబుకు అచ్చి, రాళ్ల పేజీలు రెండు నా కండ్ల ముందటనే తీసేసిండు. “ఇప్పుడు కొత్తేందని రాద్దాం మూడు ముక్కలల్ల?” అన్నడు. నిజమే, ఆ దిక్కు నీళ్లు చెడ్డయని కొత్తగ చెప్పేదేం లేదు. నేను చెప్పిన: ఈ దిక్కు ఊర్లల్ల ఇంటోళ్లు బయటోళ్లకు తాము తాగే నీళ్లు ఇయ్యరు, దాసిపెట్టుకున్న మంచియి ఇస్తరు, గనుక బోరుకాడికి పోయి సొంత చేత్తోటి నింపాలె అని రాద్దాం. మా మొదటి సీసాలు అట్లనే తప్పైనయని గూడ పద్ధతులల్ల రాద్దాం. సార్ తల పట్టుకున్నడు. “మన తప్పు మనమే అచ్చేసుకుంటమా? నవ్వుతరు” అన్నడు. “నవ్వనియ్యుండ్రి, ఆ మీదట ఎవ్వలన్న సీసాలు పట్టుకొని పోయెటోళ్లకు అక్కరకొస్తది” అన్న. చానా కొట్లాడినం. నేను రాసిన నాలుగు లైన్లను ఆయన రెండు చేసిండు, గని ఉంచిండు.

గడువుకు రెండు దినాల ముందు, పగటిపూట, ల్యాబుల కూసోని పంపినం. ఒకటి తర్వాత ఒకటి పేజీలు ఎక్కినయి, ఒప్పుకుంటున్నరా అని అడిగితె ఒప్పుకున్నం. మీట నేనే నొక్కిన. ముట్టింది అని రసీదు అచ్చింది. అచ్చేస్తరా, తిప్పి పంపుతరా అది వాళ్ల ఇష్టం. దఫ్తర్ సాహెబుకు ఆ దినమే నకలు తీసుకపోయి ఇచ్చిన, నాలుగు ఊర్ల పేర్లు చెడ్డ నీళ్ల కింద ఉన్నయి. ఆయన చూసి, నాలుగో ఊరి పేరు కింద గీత గీసుకున్నడు. మిషన్ అస్తదని చెప్పలే, చూస్తం అన్నడు.

ఇగ పెద్దమ్మకు చెప్పాలె. ఇన్ని దినాలు పేపరు పోనీ, పేపరు పోనీ అని దాటేసిన. దఫ్తర్‌కెల్లి బయటికొచ్చి, మెట్ల మీద నిలవడి ఫోను చేసిన.

“పెద్దమ్మా, మీ బోరు నీళ్లు మంచియి కావు” అన్న. “మిషన్ అచ్చేదాక పిల్లలకన్న చెలిమె నీళ్లే తాగియ్యుండ్రి. నీ మోకాళ్లు ఆ నీళ్లతోటే అట్లయినయి కావచ్చు. దవాఖానల చూపియ్యి. పిల్ల పండ్ల మీది చారలు గూడ ఆ నీళ్లతోటి అచ్చినయే. తోమితె పోవు అవి.”

“తోమితె పోవా?” అన్నది.

“పోవు పెద్దమ్మా.”

“అయితె అది దినాం తోముకుంటనే ఉన్నదా?”

“ఉన్నది పెద్దమ్మా” అన్న.

“అబద్ధం చెప్తున్నదని పొద్దుగాల పొద్దుగాల కొట్టిన బిడ్డా. రెండేండ్ల సంది. బూడిదేసి, రక్తమొచ్చేదాక నేనే రుద్దిన.” ఫోను పెట్టేసుడు మరిచిపోయి పక్కన పెట్టినట్టున్నది, ఆమె పిల్లను పేరుపెట్టి పిలిసుడు వినవడ్డది. ఇటు రావే, ఇటు రా నా తల్లీ, అని.

యాడనో దూరంకెల్లి పిల్ల గొంతు అచ్చింది, భయంతోటి: “ఇయ్యాల తోముకున్ననే అవ్వా. ఒట్టు.”